ఇల్లు రంగస్థలమెక్కిన కాలం

అమెరికా నాటకాల మీద తెలుగులో పుస్తకం అనగానే చాలామంది దాన్ని ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థుల కోసం తయారుచేసిన నోట్సు అనుకుంటారు. ఈ పుస్తకం అది కాదు. 1938 మొదలు 1964 దాకా న్యూయార్కు బ్రాడ్వే మీదికి వచ్చిన ముఖ్యమైన నాటకాలనూ సంగీత నాటకాలనూ తీసుకుని, వాటిలోని మనుషులు ఎలాంటి ఇంట్లో ఉన్నారు, ఆ ఇంటికి అద్దె ఎవరు కట్టారు, అప్పు ఎవరు తీర్చారు, ఆ ఇంటి గుమ్మంలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు అని అడుగుతూ పోయిన పుస్తకం. మన నాటక విమర్శలో ఇలాంటి ప్రశ్నలు అడిగేవాళ్ళు తక్కువ. అందుకే నాలుగు మాటలు రాసివ్వమని రచయిత్రి అడగగానే ఒప్పుకున్నాను.

రచయిత్రిది చార్మినార్ ప్రాంతం. ఇంట్లో తెలుగు, గల్లీలో దక్కనీ, కాలేజీలో ఇంగ్లీషు. షాలిబండ నుంచి గుల్జార్ హౌజ్ దాకా నడిచే ఒక్క మనిషే కూరగాయల బండి దగ్గర ఒక భాష, లాడ్ బజార్ గాజుల దుకాణంలో ఇంకో భాష, చదువు చెప్పిన మాస్టారు ఎదురైతే మరో భాష మాట్లాడే చోటు అది. అలాంటి చోట పెరిగినవాళ్ళకు నాటకాన్ని చెవితో చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక పాత్ర మాట మధ్యలో ఆగితే ఎందుకు ఆగిందో, కొడుకు తండ్రికి ఎదురు చెప్పేటప్పుడు ఏ మాట దగ్గర గొంతు తగ్గించాడో ఈ అమ్మాయికి వినిపిస్తుంది. విన్నది విన్నట్టు మనకు చెబుతుంది.

హైదరాబాదుకు అమెరికన్ సాహిత్యంతో పరిచయం కొత్తది కాదు. 1964లో ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ మొదలైంది. దేశం నలుమూలల నుంచీ, పొరుగు దేశాల నుంచీ ఇంగ్లీషు అధ్యాపకులు వచ్చి అక్కడ చదువుకుని వెళ్ళేవారు. యూజీన్ ఓనీల్, టెనెసీ విలియమ్స్, ఆర్థర్ మిల్లర్ల మీద ఇండియాలో వచ్చిన ఎన్నో థీసిస్‌లకు ముడిసరుకు ఆ బీరువాల్లోదే. అయితే అక్కడ చదివిన నాటకాలు థీసిస్‌లయ్యాయి గాని, ఊళ్ళో నాటకాలు కాలేదు. తార్నాక దిగి మూసీ దాటి పాత బస్తీకి అవి రాలేదు. ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో అట్టలూడిన నాటక సంపుటాలు దొరికినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తుకొచ్చేది. ఇన్నేళ్ళకు ఒక పాత బస్తీ పిల్ల ఆ దూరాన్ని తగ్గించింది.

పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఒకటుంది. అమెరికాలో ఒక నాటకం వచ్చిన ఏడు చెప్పి, ఆ ఏటికి అటూ ఇటూ మన దగ్గర ఏం జరుగుతోందో పక్కన పెడుతుంది. ఎవరి మీద ఎవరి ప్రభావం ఉందో తేల్చే పని పెట్టుకోదు. రెండు ఊళ్ళలో రెండు ఇళ్ళు, రెంటి తలుపులూ తీసి చూపిస్తుంది.

'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' సంగతే చూడండి. 1949 ఫిబ్రవరి 10న న్యూయార్కు మొరాస్కో థియేటర్లో అది మొదలైంది. దాన్ని రాసిన ఆర్థర్ మిల్లర్‌కు అప్పటికి 33 ఏళ్ళు. ఎలియా కజాన్ దర్శకుడు. జో మీల్జీనర్ కట్టిన సెట్టులో ఇంటికి గోడలుండవు. చట్రం మాత్రం ఉంటుంది, చుట్టూ అపార్టుమెంట్లు మీద పడేలా నిలబడి ఉంటాయి. కథ వర్తమానంలో నడిచేటప్పుడు పాత్రలు గుమ్మంలోంచే నడుస్తాయి. పాత జ్ఞాపకంలోకి వెళ్ళగానే లేని గోడల్లోంచి దాటుకుని వస్తాయి. ప్రేక్షకుడికి ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు, నడక చూస్తే చాలు. విల్లీ లోమన్ ముప్ఫై ఏళ్ళకు పైగా ఒకే కంపెనీ సరుకు ఊరూరా తిరిగి అమ్మినవాడు. అతను పనిచేసిన యజమాని కొడుకే అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తాడు. ఇన్సూరెన్సు డబ్బు పిల్లలకు వస్తుందని అతను ప్రాణం తీసుకుంటాడు. ఇంటి అప్పు ఆఖరి వాయిదా కట్టేసిన రోజునే అతన్ని పాతిపెడతారు. ఇల్లు సొంతమయ్యేసరికి అందులో ఉండవలసిన మనిషి లేడు. ఆ నాటకం అప్పట్లో 742 సార్లు ఆడింది, పులిట్జర్ బహుమతి తెచ్చుకుంది.

దాదాపు అవే ఏళ్ళలో మన దగ్గర ఆచార్య ఆత్రేయ 'ఎన్.జి.ఓ.' రాశారు. చాలీచాలని జీతంతో సంసారం ఈదే గుమాస్తా కథ అది. 1953లో 'గుమస్తా' పేరుతో సినిమాగా కూడా వచ్చింది. అంతకుముందు మన రంగస్థలం మీద కష్టాలు పడాలంటే కనీసం హరిశ్చంద్రుడై ఉండాలి. ఆత్రేయ నాటకంతో నెలాఖరు కష్టం కూడా తెర లేపడానికి తగిన కష్టమే అయింది. మిల్లర్ అదే కాలంలో మామూలు మనిషి పతనం రాజు పతనానికి తీసిపోదని వ్యాసం రాసి వాదించాడు. ఈ రెండు నాటకాలను పక్కపక్కన పెట్టిన అధ్యాయం చదివాక, గుమాస్తానీ సేల్స్‌మన్‌నీ విడివిడిగా తలచుకోవడం నావల్ల కావడం లేదు.

ఆ అధ్యాయంలోనే మూడో ఇల్లు కూడా ఉంది. అది మా హైదరాబాదు ఇల్లు. బబ్బన్ ఖాన్ రాసి ఆడిన 'అద్రక్ కే పంజే' 1965లో మొదలై 2001 దాకా సాగింది. పదివేలకు పైగా ప్రదర్శనలతో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. భాష దక్కనీ. చిన్న జీతం, ఇంటినిండా పిల్లలు, గుమ్మం ముందు అప్పులవాళ్ళు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ నవ్వు వెనక ఉన్నది విల్లీ లోమన్ ఇంటి లెక్కే అని రచయిత్రి చూపించిన తీరు గట్టిది. హాస్యనాటకాన్ని చిన్నచూపు చూసే అలవాటు మన పండితులకు ఉంది. ఆ అలవాటు ఈ అమ్మాయికి అంటలేదు.

ఇక భూమి సంగతి. 1947 డిసెంబరులో టెనెసీ విలియమ్స్ 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్' వచ్చింది. తాతల నాటి ఎస్టేటు అప్పుల పాలై, చేతిలో పెట్టెతో చెల్లెలి ఇరుకింటికి చేరిన బ్లాంష్ కథ అది. మార్లన్ బ్రాండోను దేశమంతా గుర్తించేలా చేసిన నాటకం. అదే 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 'మా భూమి' రాశారు. అక్కడ భూమి పోగొట్టుకున్న జమీందారీ ఇంటి ఆడపడుచు, ఇక్కడ ఆ భూమిని దున్నిన రైతు. ఒకే ఏడాది, ఒకే వస్తువు, చూపు మాత్రం రెండు కొసల నుంచి. తెలంగాణ పల్లెల పోరాటం మీద రాసిన ఆ నాటకాన్ని ప్రజా నాట్యమండలి దళాలు ఆంధ్ర జిల్లాల్లో ఊరూరా ఆడాయి. 1948లో మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 'మా భూమి' సినిమా వేరు, దానికి కిషన్ చందర్ నవల ఆధారం. పిల్లలు ఈ రెంటినీ కలిపేసుకుంటున్నారు కాబట్టి ఇక్కడ చెప్పాను.

నాటకాన్ని చూసి ప్రభుత్వం జంకడం మన దగ్గరే జరిగిందని అనుకోనక్కర్లేదు. 1953లో మిల్లర్ రాసిన 'ది క్రూసిబుల్' వచ్చింది. 1692లో సేలం అనే ఊళ్ళో మంత్రగత్తెలని పేరుపెట్టి మనుషులను ఉరితీసిన కథను తీసుకుని, తన కాలంలో కమ్యూనిస్టుల కోసం సాగిన వేటను చూపించాడు. మరుసటి ఏడు ఆ నాటకం బ్రస్సెల్స్‌లో ఆడుతుంటే వెళ్ళడానికి అతనికి పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1956లో అమెరికా చట్టసభ కమిటీ ముందుకు పిలిచి తోటివాళ్ళ పేర్లు చెప్పమన్నారు. చెప్పలేదు. 1957లో ధిక్కారం కింద శిక్ష వేశారు, 1958లో పై కోర్టు కొట్టేసింది. అంతకుముందే, 1952లో, 'సేల్స్‌మన్'ను నిలబెట్టిన దర్శకుడు కజాన్ అదే కమిటీ ముందు పేర్లు చెప్పాడు. స్నేహితులిద్దరి మధ్యా మాటలు పోయాయి. ఈ భాగాన్ని రచయిత్రి ఎవరినీ బోనులో నిలబెట్టకుండా రాసింది. కజాన్‌ను నేను ఇంత తేలిగ్గా వదిలిపెట్టలేను. అయినా ఆమె న్యాయబుద్ధిని గౌరవిస్తాను.

సంగీత నాటకాల దగ్గర నాకు రచయిత్రితో కొంచెం పేచీ ఉంది. వాటిని ఆమె కాస్త మొహమాటంగా, మాట నాటకాల తరవాతి వరసలో కూర్చోబెట్టింది. పద్య నాటకం పుట్టిన నేల మీద నిలబడి ఆ మొహమాటం ఎందుకు? రాజర్స్, హామర్‌స్టైన్ల 'ఓక్లహోమా!' 1943 మార్చి 31న మొదలైనప్పుడు తెర లేవగానే అమ్మాయిల బృందనృత్యం లేదు. వెన్న చిలుకుతున్న పెద్దావిడ ఒక్కతే ఉంది, తెర వెనక నుంచి ఒక గొంతు పాడుకుంటూ వస్తోంది. పాట కథను ఆపకుండా కథను మోసుకుపోవాలని ఆ నాటకం పట్టుపట్టింది, 2,212 సార్లు ఆడింది. ఈ పట్టుదల విలువ మనకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? రాగం తీసి తీసి, వన్స్‌మోర్ల కోసం కథను గుమ్మంలో నిలబెట్టేసిన నటులనూ చూశాం, పద్యంలోనే పాత్ర గుండె విప్పిన నటులనూ చూశాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి కుటుంబాలు ఇప్పటికీ మన నగరంలో హార్మోనియం పక్కన పెట్టుకుని పాడుతూనే ఉన్నాయి. ఒక సురభి నటుడిని 'ఓక్లహోమా!' ముందు కూర్చోబెడితే అందులో ఏ పాట అవసరమో, ఏది దండగో ప్రొఫెసర్ల కన్నా ముందు చెప్పగలడు. రెండో ముద్రణలో రచయిత్రి ఈ అధ్యాయాన్ని పెంచి రాయాలి. ఇది నా ఆజ్ఞ అనుకున్నా సరే, విన్నపం అనుకున్నా సరే.

అయినా ఆ అధ్యాయంలో రెండు సంగతులు చాలా మంచివి. ఒకటి 'సౌత్ పసిఫిక్' గురించి. 1949లో వచ్చిన ఆ నాటకంలో, ఒంటి రంగు చూసి ద్వేషించడం పుట్టుకతో రాదు, పెద్దలు పిల్లలకు పనిగట్టుకుని నేర్పుతారు అని చెప్పే చిన్న పాట ఉంది. దాన్ని తీసేయమని చాలామంది చెప్పారు. రాజర్స్, హామర్‌స్టైన్ తీయలేదు. సరదాగా కాలక్షేపానికి వచ్చే జనం ముందు ఆ మాట పాడించడానికి గుండె కావాలి. రెండోది 'మై ఫెయిర్ లేడీ' గురించి. యాసను బట్టి మనిషి ఖరీదు కట్టే సమాజం మీద బెర్నార్డ్ షా రాసిన నాటకం 1956లో పాటలతో వచ్చి 2,717 సార్లు ఆడింది. తెలంగాణ మాట ఎన్నో ఏళ్ళు తెర మీద నౌకరుకో రౌడీకో మాత్రమే దక్కిన చోట, దక్కనీ వినగానే నవ్వడానికి సిద్ధమయ్యే చోట పెరిగిన రచయిత్రికి ఆ నాటకంలో పూలమ్ముకునే అమ్మాయి అవమానం పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు. ఆ పేజీల్లో ఆమె గొంతు కొంచెం పైకి లేచింది. లేవాలి కూడా.

'వెస్ట్ సైడ్ స్టోరీ'కి ఇచ్చిన నాలుగు పేజీలు సరిపోతాయి. 'అవర్ టౌన్'లో ఖాళీ వేదిక మీద నిలబడి ఊరిని పరిచయం చేసే మనిషిని మన సూత్రధారుడితో పోల్చడం ఇంతకు ముందు కూడా చేశారు. కాబట్టి అక్కడ నేను ఆగను.

నేను ఆగవలసింది లొరెయిన్ హాన్స్‌బెరీ దగ్గర.

ఈ పుస్తకానికి ఆయువుపట్టు ఏడో అధ్యాయం. హాన్స్‌బెరీ రాసిన 'ఎ రైజిన్ ఇన్ ది సన్' 1959 మార్చి 11న బ్రాడ్వే మీదికి వచ్చింది. నల్లజాతి స్త్రీ రాసిన నాటకం బ్రాడ్వే ఎక్కడం అదే మొదలు. ఆమెకు అప్పుడు 28 ఏళ్ళు. దర్శకుడు లాయిడ్ రిచర్డ్స్, ముఖ్యపాత్ర సిడ్నీ పోయిటియే. నల్లవాళ్ళ ఇంటి కథ చూడటానికి డబ్బిచ్చి ఎవరు వస్తారని పెట్టుబడి పెట్టేవాళ్ళు వెనకాడారు. ఆ డబ్బు కూడగట్టడానికే నిర్మాతకు ఏడాది పైన పట్టింది. న్యూయార్కులో ధైర్యం చేసే థియేటరు దొరకక, ముందు వేరే ఊళ్ళలో ఆడి మెప్పించుకున్నారు. చివరికి 530 సార్లు ఆడింది.

కథ షికాగో దక్షిణ భాగంలో ఒక ఇరుకు వాటాలో జరుగుతుంది. మూడు తరాలు అందులోనే. స్నానాల గది వరండాలో, పక్క వాటావాళ్ళతో కలిపి. పిల్లవాడి పడక హాల్లోని సోఫా మీద. ఎండ సరిగా రాని కిటికీలో తల్లి పెంచుకునే ఒక మొక్క. చనిపోయిన తండ్రి తాలూకు ఇన్సూరెన్సు డబ్బు పదివేల డాలర్లు వస్తుంది. కొడుకు దుకాణం పెడదామంటాడు, కూతురికి డాక్టరు చదవాలని ఉంది, తల్లికి ఇల్లు కావాలి. తల్లి 3,500 డాలర్లు బయానా ఇచ్చి తెల్లవాళ్ళ పేటలో ఇల్లు తీసుకుంటుంది. మిగిలింది కొడుకు చేతిలో పెడితే, నమ్మిన స్నేహితుడు దాంతో ఉడాయిస్తాడు. ఇంతలో ఆ పేట సంఘం తరపున ఒక పెద్దమనిషి వస్తాడు. అరవడు, తిట్టడు. చాలా మర్యాదగా, మీరు రాకుండా ఉంటే ఎదురు డబ్బిస్తామంటాడు.

ఆ మర్యాదను హాన్స్‌బెరీ రాసిన తీరు చూడాలి. ద్వేషం గట్టిగా మాట్లాడితే ఎదిరించడం తేలిక. సోఫా అంచున కూర్చుని, టోపీ చేతిలో పట్టుకుని, అందరి మంచి కోసమే చెబుతున్నానంటే ఏం చేస్తారు? ఆ దృశ్యం ఆమె ఊహించి రాసింది మాత్రమే కాదు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు తండ్రి షికాగోలో తెల్లవాళ్ళ పేటలో ఇల్లు కొన్నాడు. జనం ఇంటి మీద పడ్డారు, రాళ్ళు విసిరారు. ఆయన కోర్టుకెక్కి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1940లో గెలిచాడు. నాటకం వెనక ఆ కోర్టు కాగితం ఉంది.

ఈ అధ్యాయాన్ని రచయిత్రి అక్కడితో ముగించవచ్చు. ముగించలేదు. మన నగరంలో ఇల్లు అద్దెకు అడగడానికి వెళ్ళినవాడిని మొదట ఏమడుగుతారో రాసింది. పేరు అడుగుతారు. పేరులో తెలియకపోతే ఇంటిపేరు. అప్పటికీ తెలియకపోతే మీరు మాంసం తింటారా అని. ఇల్లు ఖాళీగా లేదనే మాట ఫోన్లో ఒక రకంగా, మనిషిని చూశాక ఇంకో రకంగా ఎలా వినిపిస్తుందో రాసింది. మూసీకి ఇవతల ఉన్నవాళ్ళు అవతల ఇల్లు వెతుక్కోవడం గురించి, అవతలివాళ్ళు ఇవతలి పేట పేరు వినగానే ముఖం మార్చడం గురించి రాసింది. ఎక్కడా గొంతు చించుకోలేదు. ఎవరి పేరూ పెట్టలేదు. టోపీ చేతిలో పట్టుకున్న పెద్దమనిషిని మాత్రం మన వీధిలోకి తెచ్చి నిలబెట్టింది. ఈ ఇరవై పేజీలు చదివినవాడు తన ఇంటి ముందు వేలాడే టు-లెట్ బోర్డును మళ్ళీ పాత కళ్ళతో చూడలేడు. తెలుగు వ్యాసంలో ఈ మధ్య నేను చదివిన పేజీల్లో ఇవి నిలిచేవి.

అమెరికా నాటకం తెలుగు నోట నప్పుతుందా అని అనుమానపడేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. 1983లో మిల్లర్ స్వయంగా బీజింగ్ వెళ్ళి, 'సేల్స్‌మన్'ను చైనా నటులతో చైనా భాషలో ఆడించాడు. అనువాదం చేసిన యింగ్ రువోచెంగ్ తానే విల్లీ వేషం వేశాడు. ఊరూరా తిరిగి సరుకు అమ్మే ఉద్యోగం గాని, ఇన్సూరెన్సు గాని వాళ్ళ రోజువారీ జీవితంలో లేవు. తండ్రి కొడుకు మీద పెట్టుకున్న ఆశ మాత్రం ఉంది. అది చాలింది. మన దగ్గరైతే ఆశతో పాటు ఇన్సూరెన్సూ ఉంది, ఇంటి అప్పూ ఉంది, నెల నెలా బ్యాంకు వాయిదా కూడా ఉంది.

కాబట్టి నా కోరిక ఈ పుస్తకం అమ్ముడుపోవడం దగ్గర ఆగదు. రచయిత్రి నాటకాల్లోని కొన్ని దృశ్యాలను తన మాటల్లో చెప్పినప్పుడు, హాన్స్‌బెరీ నాటకంలోని తల్లి పాత్రకు తెలియకుండానే పాత బస్తీ తెలుగు పెట్టింది. మన ఇళ్ళలో పెద్దావిడలు కొడుకును 'ఏం రా' అని పిలిచి, ఆ వెంటనే మాట మింగేసే తీరు అందులో ఉంది. ఆ చెయ్యి నాటకం అనువదించగలదు. అమ్మా, హక్కులున్నవాళ్ళకు ఉత్తరం రాసి, పద్ధతిగా అనుమతి తెచ్చుకుని, హాన్స్‌బెరీ నాటకాన్ని తెలుగు చెయ్యి. రవీంద్రభారతి దొరికేదాకా ఆగనక్కర్లేదు. షాలిబండలోనో, అలియాబాద్‌లోనో ఏ బడి హాలైనా చాలు. ఒక గది, ఒక సోఫా, కిటికీలో ఒక మొక్క, అంతకు మించి ఆ నాటకం సెట్టు అడగదు. దక్కనీ వచ్చిన నటులూ, తెలుగు వచ్చిన నటులూ ఒకే ఇంటి మనుషులుగా నటించాలి.

నాటక సంస్థలు నడిపే మిత్రులకూ ఒక మనవి. పరిషత్తు పోటీల కోసం గంటలో ముగిసే నాటికలు రాయించుకోవడం ఆపమనను. ఏడాదికి ఒక్కసారైనా రెండున్నర గంటల పూర్తి నాటకం చేతికి తీసుకోండి. ఏ నాటకమని అడిగితే, ఈ పుస్తకం మీ ముందే ఉంది. పాఠకులు వరసగా చదవనక్కర్లేదు. ముందు ఏడో అధ్యాయం తీయండి, ఇంట్లో నలుగురినీ కూర్చోబెట్టి పైకి చదవండి.